ఫ్లాప్ పడ్డాక తడబడుతున్నారా? ఆట మెరుగుపరుచుకునే ఆరు దారులు, వాటిలో మీకు సరిపోయేది

పోకర్‌లో, అంటే ఇక్కడ మాట్లాడుకుంటున్న హోల్డెమ్ రకంలో, ఫ్లాప్‌కి (బల్ల మీద అందరికీ కలిపి మొదట తెరిచే మూడు ముక్కలకు) ముందు ఆటను బట్టీ పట్టి కూడా నెట్టుకురావచ్చు. చేతికొచ్చే రెండు ముక్కల్ని రకాలుగా విడదీస్తే 169 మాత్రమే. ఏ సీట్లో ఉంటే వేటిని ఆడాలో చెప్పే చార్టులు ఉన్నాయి, నెల రోజులు కూర్చుంటే అలవాటైపోతాయి. ఫ్లాప్ సంగతి వేరు. ఆ మూడు ముక్కలు 22,100 రకాలుగా పడొచ్చు. ఆఠీను బదులు ఇస్పేటు వచ్చిందన్నంత మాత్రపు తేడాలను కలిపేసినా 1,755 మిగులుతాయి. దాని మీద టర్న్ (నాలుగో ముక్క), రివర్ (అయిదోది, చివరిది), ఎదుటివాడి బెట్ సైజు. ఇంతటికీ చార్టు ఎవరూ రాసివ్వలేరు.

అందుకే ఇక్కడికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. సాల్వర్ (బలమైన ఆట ఏమిటో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) కొనాలా, కోచ్‌ని పెట్టుకోవాలా, వీడియోలు చూస్తే చాలా, స్నేహితులతో కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుందా అని నెలల తరబడి తేల్చుకోలేరు. నేనూ అలాగే ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ రెండేళ్లు పోగొట్టుకున్నాను. అప్పుడు నాకు అర్థం కానిది ఒక్కటే: ఈ దారులు ఒకదానికొకటి పోటీ కావు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబిస్తుంది. మీ ప్రశ్న ఏదో తెలియకుండా దారి ఎంచుకుంటే మంచి సాధనం కూడా వృథానే.

## ముందు చూసుకోవాల్సినవి

తప్పు ఎక్కడ జరుగుతోంది? లెక్క తెలియక తప్పు చేయడం ఒకటి. లెక్క తెలిసినా ఎదుటివాడి దగ్గర ఏముందో ఊహించలేకపోవడం రెండోది. అన్నీ తెలిసి, ఆ క్షణంలో టెన్షన్‌లో వేలు కాల్ (ఎదుటివాడి బెట్‌కి సమానంగా పెట్టడం) మీదకు పోవడం మూడోది. మూడింటికీ మందు ఒకటే కాదు.

జవాబు ఎవరిస్తారు? ఆట ఫలితం మాత్రం ఇవ్వదు. ఇది నమ్మడం కష్టం కాబట్టి లెక్క చెబుతాను. ఆరుగురు ఆడే నో లిమిట్ (బెట్‌కి పైపరిమితి లేని) టేబుల్‌లో వంద హ్యాండ్లకు (ఒక్కో పంపకం ఒక హ్యాండ్) హెచ్చుతగ్గులు సుమారు 90 బిగ్ బ్లైండ్లు ఉంటాయి. బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే ఒక సీటువాడు తప్పనిసరిగా పెట్టే పందెం, గెలుపోటముల్ని దాంతోనే కొలుస్తారు. వందకు 5 బ్లైండ్లు గెలవగల మంచి ఆటగాడు పదివేల హ్యాండ్లు ఆడినా, అదృష్టం వల్లే ఆ సగటు 9 అటో ఇటో జరగడం మామూలే. అంటే అలాంటి మంచి ఆటగాళ్లు పదిమందిని తీసుకుంటే అందులో ముగ్గురి దాకా పదివేల హ్యాండ్ల తర్వాత నష్టంలో ఉండొచ్చు. ఎదురుగా కూర్చుని ఆడే టేబుల్‌లో గంటకు 30 హ్యాండ్లు పంచుతారనుకుంటే, పదివేలంటే 330 గంటలు దాటిపోతుంది. కాబట్టి "నిన్న గెలిచాను, నా ఆట బాగానే ఉంది" అన్న మాటకు విలువ లేదు. మీరు ఎంచుకునే దారి ఫలితంతో సంబంధం లేకుండా తప్పొప్పులు చెప్పగలగాలి.

ఏ ఆట ఆడుతున్నారు? ఫ్లాప్ చూడటానికి అయిదుగురు వచ్చే టేబుల్ వేరు, ఇద్దరే మిగిలే ఆన్‌లైన్ టేబుల్ వేరు, స్టాక్ (ముందున్న చిప్స్) చిన్నదైపోయే టోర్నమెంట్ వేరు.

సమయం, డబ్బు ఎలాగూ చూసుకోవాలి. వాటి దగ్గరికి కోచ్ విషయంలో వస్తాను, అసలు బరువు అక్కడే పడుతుంది.

## అన్నిటినీ ఒకే హ్యాండ్‌తో పరీక్షిద్దాం

మాటలతో పోల్చడం కంటే ఒక హ్యాండ్ పెట్టుకుని చూడటం మేలు. మీరు బటన్ మీద (ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడే సీట్లో) ఉన్నారు, చేతిలో ఇస్పేటు ఆసు, కళావరు రాణి. 2.5 బ్లైండ్లకు రైజ్ చేశారు (పందెం పెంచారు), బిగ్ బ్లైండ్ సీట్లో ఉన్నవాడు ఒక్కడే కాల్ చేశాడు.

ఫ్లాప్: ఆఠీను రాణి, ఆఠీను 8, కళావరు 3. అతను చెక్ (బెట్ వేయకుండా వదిలాడు), మీరు పాట్‌లో (మధ్యలో పోగైన మొత్తంలో) మూడో వంతు బెట్, అతను కాల్. టర్న్: ఇస్పేటు 9. మళ్లీ చెక్, మీ బెట్, అతని కాల్. రివర్: డైమను 2. పాట్ ఇప్పుడు సుమారు 20 బ్లైండ్లు. అప్పటిదాకా చెక్ చేస్తూ వచ్చినవాడు ముందుగా తనే 10 బెట్ చేశాడు.

కాలా, ఫోల్డా (ముక్కలు వదిలేయడమా)?

## దారి 1: మీ హ్యాండ్లను మీరే తిరగేసి చూడటం

నా లెక్కలో అందరూ మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఖర్చు దాదాపు లేదు, దొరికేది మీ సొంత తప్పు. ఆన్‌లైన్‌లో ఆడేవారికి పోకర్‌ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ప్రతి హ్యాండ్‌నూ దాచిపెడతాయి. ఎదురుగా కూర్చుని ఆడేవారు విరామంలో ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు: ఎవరు ఏ సీట్లో ఉన్నారు, స్టాక్ ఎంత, బోర్డు మీద ఏం పడింది, బెట్లు ఎంతెంత.

ఎలా చూడాలన్నదే అసలు విషయం. పై హ్యాండ్ తీసుకోండి. 10 పెడితే అప్పటికే ఉన్న 30 వస్తుంది, అంటే నాలుగుసార్లలో ఒక్కసారి గెలిస్తే చాలు, 25 శాతం. ఇక అతని దగ్గర ఏముండొచ్చో కాగితం మీద లెక్కపెట్టండి. మిమ్మల్ని ఓడించేవి: జత ఎనిమిదులు (బోర్డు మీది 8తో కలిసి మూడవుతాయి) 3 రకాలుగా, జత మూళ్లు 3, టర్న్‌లో కుదిరిన జత తొమ్మిదులు 3. ఒకే గుర్తు రాణి-తొమ్మిది 1, ఒకే గుర్తు రాణి-ఎనిమిది 2. ఒకే గుర్తు జాకీ-పది 4, దానికి స్ట్రెయిట్ (వరుసగా అయిదు ముక్కలు) కుదిరింది. మొత్తం 16.

16 హ్యాండ్లు మిమ్మల్ని ఓడిస్తుంటే, కాల్ సరైనది కావాలంటే అతని దగ్గర బ్లఫ్‌లు (బలం లేకుండా బెట్ వేసే హ్యాండ్లు) కనీసం 6 ఉండాలి. కుదరని ఆఠీను ఫ్లష్‌లు (ఫ్లష్ అంటే ఒకే గుర్తు ముక్కలు అయిదు) లెక్కపెట్టండి: ఆసు-5, ఆసు-4, రాజు-జాకీ, రాజు-పది, 7-6, 6-5, 5-4. అప్పుడే ఏడు. ఇక ప్రశ్న మారిపోయింది చూడండి. "నా రాణి జత మంచిదేనా" అన్నది పోయి "ఈ మనిషి కుదరని ఆఠీన్లతో రివర్‌లో నిజంగా బెట్ చేస్తాడా" అన్నది వచ్చింది. జత ఎనిమిదులు, మూళ్లు ఉంటే ఫ్లాప్‌లోనే రైజ్ చేసే మనిషైతే ఆ ఆరింటిని తీసేయండి. 10 మిగులుతాయి, అప్పుడు 4 బ్లఫ్‌లు చాలు.

ఈ లెక్క మొదటిసారి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. వంద హ్యాండ్లు ఇలా చేశాక టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడే సగం లెక్క కళ్ల ముందు కదలడం మొదలైంది. నా ఆటలో వచ్చిన మార్పుల్లో పెద్దది అదే.

లోపం కూడా ఉంది. తప్పు చేసిన బుర్రే తీర్పు చెబుతుంది. మీరు ఎప్పుడూ ఆలోచించని ఆట మీ కాగితం మీదకూ రాదు. రెండోది, మనకు గుర్తుండేవి పెద్దగా ఓడినవే. అవి చాలావరకు ఎవరాడినా ఓడేవి. డబ్బు కారిపోయేది ఫ్లాప్‌లో బెట్ చేసి టర్న్‌లో చేతులెత్తేసే చిన్న పాట్లలో, అవి ఎవరికీ గుర్తుండవు. అందుకే ఒక నియమం పెట్టుకోండి: ఆడిన ప్రతిసారీ మూడు హ్యాండ్లు రాయండి, అందులో ఒకటి గెలిచినది, ఒకటి చిన్న పాట్ అయి ఉండాలి.

## దారి 2: లెక్కల సాధన

ఈక్విలాబ్, ఫ్లాప్‌జిల్లా లాంటి చిన్న సాఫ్ట్‌వేర్లలో మీ ముక్కలు, ఎదుటివాడి రేంజ్ (అతని దగ్గర ఉండగల హ్యాండ్లన్నీ), బోర్డు ఇస్తే గెలుపు శాతం చెబుతాయి. ఇది దారి అనడం కంటే మెట్టు అనడం సరి. కింది పట్టిక చూడకుండా చెప్పలేకపోతే మిగతా దారులకు డబ్బు పెట్టకండి.

| బెట్ సైజు | కాల్ చేయడానికి కావాల్సిన గెలుపు శాతం | ఆ బెట్ ఉత్త బ్లఫ్ అయితే ఎంత శాతం సార్లు పారాలి |
|---|---|---|
| పాట్‌లో మూడో వంతు | 20 | 25 |
| సగం పాట్ | 25 | 33 |
| పూర్తి పాట్ | 33 | 50 |
| రెండు పాట్లు | 40 | 67 |

దీనికి తోడు ఫ్లాప్‌లో ఫ్లష్‌కి ఒక్క ముక్క తక్కువైతే రివర్‌లోపు 35 శాతం, తర్వాతి ఒక్క ముక్కకైతే 19. రెండు వైపులా తెరుచుకున్న స్ట్రెయిట్‌కి 31.5, 17. మధ్యలో ఒక్క ముక్క కావాల్సిన స్ట్రెయిట్‌కి 16.5, 8.5. చాలామంది ఫ్లాప్‌లో కాల్ చేసేటప్పుడు 35 శాతం అనుకుంటారు. టర్న్‌లో ఇంకో బెట్ వస్తుందన్న సంగతి అప్పుడు గుర్తుకురాదు. చివరి ముక్క కూడా అదే ధరకు చూడనిస్తారన్న హామీ లేనప్పుడు 19 శాతమే మీ సంఖ్య, పైగా కుదిరితే అదనంగా వచ్చేది కొంత.

రెండు మూడు వారాల పని ఇది.

## దారి 3: సాల్వర్

2015 జనవరిలో అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఇద్దరు ఆడే లిమిట్ (బెట్ సైజు ముందే నిర్ణయించిన) హోల్డెమ్‌ను దాదాపుగా పరిష్కరించామని ప్రకటించారు. 2017లో కార్నెగీ మెలన్ వాళ్ల లిబ్రాటస్ ఇద్దరు ఆడే నో లిమిట్‌లో నలుగురు ప్రొఫెషనల్స్‌ని 1,20,000 హ్యాండ్ల పోరులో ఓడించింది. ఆ ఆలోచనల కుటుంబానికి చెందినవే మన కంప్యూటర్లలో నడిచే సాల్వర్లు. పయోసాల్వర్ లాంటి వాటిలో మీరే రేంజ్‌లు, బెట్ సైజులు ఇచ్చి లెక్క నడిపించుకోవాలి. జీటీవో విజార్డ్ లాంటి వాటిలో ముందే లెక్కగట్టిన జవాబులు బ్రౌజర్‌లోనే కనిపిస్తాయి. కొత్తవారికి రెండో రకం తేలిక.

మన హ్యాండ్‌కి సాల్వర్ ఏం చెబుతుంది? "కాల్" అనో "ఫోల్డ్" అనో తేల్చి చెప్పకపోవచ్చు. ఇలాంటి చోట కొన్నిసార్లు కాల్, కొన్నిసార్లు ఫోల్డ్ అనడం దానికి మామూలే, ఎందుకంటే సరిగ్గా బ్లఫ్ చేసే ప్రత్యర్థి మీద రెండూ ఇంచుమించు సమానం. కానీ ఒక మంచి సంగతి చూపిస్తుంది. మీ ఆసు ఇస్పేటు కాబట్టి అతని దగ్గర ఆఠీను ఆసుతో కుదరని ఫ్లష్‌లు ఉండే అవకాశం మిగిలే ఉంది. అదే ఆఠీను ఆసు మీ చేతిలో ఉంటే ఆ బ్లఫ్‌లన్నీ మాయం, కాల్ విలువ తగ్గిపోతుంది. పైకి ఒకేలా కనిపించే రెండు హ్యాండ్ల మధ్య ఇంత తేడా ఉంటుందని సొంతంగా కనిపెట్టడానికి ఏళ్లు పడుతుంది. సాల్వర్ ముందు ఒక సాయంత్రం చాలు.

అయితే మూడు చోట్ల జాగ్రత్త.

ఒకటి, అది మీరిచ్చిన ప్రత్యర్థి మీద జవాబు చెబుతుంది, మీ టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి మీద కాదు. చిన్న స్టేక్స్‌లో (పందేలు చిన్నవైన ఆటల్లో), అప్పటిదాకా కాల్ చేస్తూ రివర్‌లో ఉన్నట్టుండి బెట్ చేసే మనిషి బ్లఫ్ చేయడం నా అనుభవంలో తక్కువ. సాల్వర్‌కి అది తెలియదు. ప్రత్యర్థి ఆటను ఫలానా విధంగా బిగించి మళ్లీ లెక్క అడిగే సౌకర్యం ఉంది, దాన్ని నోడ్ లాక్ అంటారు. వాడినవారికే సాల్వర్ నిజంగా ఉపయోగపడుతుంది.

రెండు, పయోసాల్వర్ లాంటివి ఇద్దరి మధ్య మిగిలిన పాట్‌కే. నలుగురు ఫ్లాప్ చూసే ఆటలో ఆ జవాబుల్ని అలాగే తెచ్చి పెడితే అతిగా బ్లఫ్ చేస్తారు.

మూడు, శాతాలు బట్టీ పట్టడం. ఈ బోర్డులో 62 శాతం బెట్, ఆ బోర్డులో 41 అని నేనూ పట్టాను, వారంలో మరిచిపోయాను. మిగిలేది కారణాలే. ఆసు-7-2 లాంటి పొడి (స్ట్రెయిట్, ఫ్లష్‌లకు పెద్దగా చోటివ్వని) ఫ్లాప్‌లో రైజ్ చేసినవాడి రేంజ్ మొత్తం బలంగా ఉంటుంది కాబట్టి చిన్న బెట్లు తరచుగా వేయొచ్చు. 9-8-7 లాంటి ఫ్లాప్ కాల్ చేసినవాడి ముక్కలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి చెక్‌లు పెరగాలి. ఇలా ఒక్కో రకం బోర్డుకి ఒక్కో కారణం రాసుకుంటే పాతిక వాక్యాల్లో చాలా ఆట పడుతుంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఆడుతున్నప్పుడు సాల్వర్ తెరిచి చూడటం మోసం. సైట్లు దాన్ని నిషేధించాయి, అకౌంట్లు మూసేస్తాయి. అది నేర్చుకోవడం కూడా కాదు.

## దారి 4: వీడియోలు, కోర్సులు

కొత్త పదాలు, కొత్త ఆలోచనలు పరిచయం కావడానికి మంచివి. అంతకు మించి ఆశించకండి. నేను ఒక పెద్ద కోర్సు కొని నలభై గంటలు చూశాను. చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉండేది. టేబుల్ మీద నా ఆట మాత్రం కదల్లేదు, ఎందుకంటే ఆ నలభై గంటల్లో ఒక్క నిర్ణయం కూడా నేను తీసుకోలేదు. ఇప్పుడు వీడియో చూస్తే ప్రతి నిర్ణయం దగ్గరా ఆపి, నా జవాబు రాసుకుని, తర్వాతే ముందుకు వెళ్తాను. గంట వీడియోకి మూడు గంటలు పడుతుంది, కానీ నిలుస్తుంది.

## దారి 5: ముగ్గురు నలుగురు స్నేహితులు

దారి 1లో చెప్పిన లోపానికి, అంటే తప్పు చేసిన బుర్రే తీర్పరి కావడానికి, అన్నిటికంటే చవకైన మందు ఇదే. వారానికి ఒకసారి, ఒక్కొక్కరు రెండు హ్యాండ్లు. ఒక్క నియమం తప్పక పాటించండి: హ్యాండ్ చెప్పేవాడు చివర్లో ఏమైందో చెప్పకూడదు. ప్రత్యర్థి జాకీ-పది చూపించాడని తెలిసిన మరుక్షణం అందరికీ ఫోల్డే తెలివైనదిగా కనిపిస్తుంది.

అందరూ ఒకే స్థాయిలో ఉండి, అందరూ ఒకే తప్పు చేస్తుంటే గుంపు ఆ తప్పునే గట్టిపరుస్తుంది. కనీసం ఒకరైనా మీకంటే బాగా ఆడేవారు ఉండేలా చూసుకోండి.

## దారి 6: కోచ్

మీకు తెలియదని కూడా మీకు తెలియని తప్పుల్ని పట్టుకోవడంలో కోచ్‌కి సాటి లేదు. మన హ్యాండ్‌లో మీరు రివర్ గురించే తల బద్దలు కొట్టుకుంటుంటే, కోచ్ "టర్న్‌లో తొమ్మిది పడ్డాక అంత బెట్ ఎందుకు?" అని అడుగుతాడు. ప్రశ్న అక్కడిదని మీకు తట్టే ఉండదు.

మరి డబ్బు? బ్లైండ్లలో లెక్కేయండి. కోచింగ్ వల్ల మీ ఆట వందకు 3 బ్లైండ్లు మెరుగుపడిందనుకుందాం, అది మంచి మెరుగుదలే. గంటకు 30 హ్యాండ్లు ఆడేవారికి అది గంటకు 0.9 బ్లైండ్. కోచ్ ఫీజు 100 బ్లైండ్లకు సమానమైతే తిరిగి రావడానికి 111 గంటలు. నాలుగు టేబుళ్లలో గంటకు 300 హ్యాండ్లు ఆడేవారికి అదే ఫీజు 11 గంటల్లో వస్తుంది. ఒకే కోచ్, ఒకే ఫీజు, పదింతల తేడా.

ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి రెండే. మీరు ఆడే ఆటే అతనూ ఆడాలి. మొదటి గంట పాఠం చెప్పడంతో కాక మీ హ్యాండ్లు అడగడంతో మొదలుపెట్టాలి. గెలుపు గ్యారంటీ అన్నవారి దగ్గరికి వెళ్లకండి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఏ ప్రశ్నకు జవాబు | వారానికి సమయం | ఎక్కడ దారి తప్పుతాం |
|---|---|---|---|
| సొంత సమీక్ష | నేను ఏం చేస్తున్నాను? | 2 నుంచి 3 గంటలు | ఓడినవే చూడటం |
| లెక్కలు | ఈ ధర సరైనదేనా? | 1 గంట, కొన్ని వారాలు | రేంజ్ తప్పుగా ఇవ్వడం |
| సాల్వర్ | బలమైన ఆట ఎలా ఉంటుంది, ఎందుకు? | 3 గంటలు, పైన | శాతాలు బట్టీ పట్టడం |
| వీడియోలు | ఇంకా ఏమేం ఉన్నాయి? | మీ ఇష్టం | చూడటాన్నే నేర్చుకోవడం అనుకోవడం |
| స్నేహితులు | నా ఆలోచనలో చిల్లు ఎక్కడ? | 2 గంటలు | ఫలితం ముందే చెప్పడం |
| కోచ్ | నాకు కనపడనిది ఏమిటి? | 1 గంట, దానికి ముందు తయారీ | స్టేక్స్‌కి మించిన ఫీజు |

## మీరు ఎవరు?

వారాంతాల్లో ఎదురుగా కూర్చుని ఆడేవారు. సొంత సమీక్ష, స్నేహితులు. సాల్వర్ జోలికి ఇప్పుడే వద్దు. నలుగురైదుగురు ఫ్లాప్ చూసే ఆటలో మీకు పెద్ద లాభం మంచి హ్యాండ్‌తో పెద్దగా బెట్ చేయడంలో, పెద్ద బెట్‌కి ఒంటి జత వదిలేయడంలో ఉంది. మన హ్యాండ్‌లో ఇలాంటి టేబుల్ దగ్గర నేనైతే ఫోల్డ్ చేస్తాను, అతను బ్లఫ్ చేయగా ఒక్కసారైనా చూసి ఉంటే తప్ప.

ఆన్‌లైన్‌లో చిన్న స్టేక్స్‌లో ఎక్కువ హ్యాండ్లు ఆడేవారు. మీ దగ్గర అన్నీ రికార్డై ఉన్నాయి, అది ఆస్తి. ట్రాకర్‌లో ఒకే సందర్భాన్ని వేరుచేసి చూడండి, ఉదాహరణకు బటన్ మీద రైజ్ చేసి, బిగ్ బ్లైండ్ కాల్ చేసి, టర్న్‌లో మీరు చెక్ చేసినవి మాత్రమే. ఒక నెలంతా అదే. దానికి జతగా సాల్వర్‌లో అదే సందర్భం. రెండూ కలిసినప్పుడు వచ్చే స్పష్టత విడివిడిగా రాదు.

టోర్నమెంట్ ఆడేవారు. 100 బ్లైండ్ల ఆటలో మామూలు రైజ్, కాల్ తర్వాత పాట్ 5.5, వెనుక 97.5, అంటే పాట్‌కి 18 రెట్లు. అదే 25 బ్లైండ్లతో ఆడితే 2 బ్లైండ్ల రైజ్, కాల్ తర్వాత ఆంటేతో (బ్లైండ్లు కాక ముందే పెట్టే అదనపు పందెంతో) కలిపి పాట్ 5.5, వెనుక 23, నాలుగు రెట్లే. ఒంటి జత విలువే మారిపోతుంది. క్యాష్ ఆట కోసం చేసిన కోర్సులు, కోచ్‌లు మీకు సగమే పనికొస్తారు. స్టాక్ లోతు మార్చి చూపించే ముందే లెక్కగట్టిన సాల్వర్ మీకు తగిన ఖర్చు.

అన్నీ తెలిసినా టేబుల్ దగ్గర చేయలేనివారు. మీకు ఇంకో సాధనం అక్కర్లేదు. సమీక్షలో ప్రతి హ్యాండ్ పక్కన ఇంకో మాట రాయండి: ఆ నిర్ణయం ఎంత సేపట్లో తీసుకున్నారు, అంతకుముందు హ్యాండ్‌లో ఏం జరిగింది. నెల తర్వాత చదివితే, తప్పుడు కాల్స్‌లో ఎన్ని ఒక పెద్ద పాట్ ఓడిన పది నిమిషాల్లో జరిగాయో మీకే కనిపిస్తుంది. అలాంటప్పుడు లేచి ఒక రౌండ్ బయట కూర్చోవడం నేర్చుకోండి. ఇంటి ఖర్చుల డబ్బుతో ఆడుతుంటే మాత్రం ఏ దారీ పనిచేయదు, ఎందుకంటే ఆ భయం ప్రతి రివర్‌లో మీ పక్కనే కూర్చుంటుంది. ముందు ఆట ఆపి, పోయినా ఇబ్బంది లేని మొత్తం విడిగా పోగయ్యాకే తిరిగి కూర్చోండి. అంతవరకు పాత హ్యాండ్లతో కాగితం మీద లెక్కలు చేసుకోవడానికి ఏ ఖర్చూ లేదు.